పురుగు బరువు

శుక్రవారం మధ్యాహ్నం తూకం గదిలోంచి మా అమ్మాయి నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. గొర్రెల షెడ్డులో చేస్తున్న పని వదిలేసి, చేతులైనా కడుక్కోకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"నాన్నా, అక్కడే ఆగు! గట్టిగా ఊపిరి కూడా వదలకు, త్రాసు ఊగుతుంది," అంది.

అది గాజు పెట్టెలో ఉండే సున్నితమైన త్రాసు. పక్కన బల్ల మీద మూతలు తీసిన రెండు గిన్నెలున్నాయి. ఒకదాంట్లో పురుగులు బియ్యపు గింజల్లా నిండుగా, తెల్లగా కదులుతున్నాయి. రెండోదాంట్లో నువ్వుల్లా ఉన్నాయి. ఒకే ఈగల పిల్లలు, ఒకే రోజు పుట్టినవి.

"చూశారా బాబాయిగారూ," అంది ఈగలమ్మ. "ఇవి టీకా మందు లేని ఉత్త సూది వేసిన గొర్రెల మీద పెరిగినవి. విందుకి ముందే వచ్చి కూర్చునే చుట్టాల్లా ఎలా బలిశాయో! ఇవేమో మన టీకా గొర్రెలవి. పాపం, ఎంత తిన్నా ఒంటపట్టలేదు."

ఈగలమ్మకి ఉద్యోగంలో చేరినప్పుడు వేరే పేరుండేది. ఈగల గది బాధ్యత తీసుకున్నాక ఆ పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నలభై దాటిన మనిషి. వలల్లో పెంచే ఆ పచ్చ ఈగల్ని 'మా పిల్లలు' అంటుంది. ఎవరైనా ముక్కు మూసుకుంటే, "మీ ఇంట్లో పిల్లలు గులాబీల్లా వాసనొస్తారా?" అని అడుగుతుంది.

నేను పశువుల డాక్టర్ని. రిటైరయ్యాక, మా ఆవిడ పోయాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక అమ్మాయి పనిచేసే ఈ సంస్థలోనే గొర్రెల బాగోగులు చూసే పనిలో చేరాను. తండ్రిని తెచ్చి పెట్టుకుందని అంటారేమోనని అమ్మాయి భయపడింది. నేను చేసే పనేమిటో చూశాక ఎవరూ ఏమీ అనలేదు.

వానలు మొదలైతే పచ్చ ఈగ తడిసిన ఉన్నిలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు బతికున్న గొర్రె తోలునీ, కండనీ తింటాయి. కడుపు నిండాక వాటంతట అవే నేలమీద పడిపోయి, మట్టిలో దూరి, మళ్ళీ ఈగలై లేస్తాయి. చల్లే మందులకి ఇప్పుడవి లొంగడం లేదు. ఈగలమ్మ తమ్ముడికి గొర్రెల మంద ఉంది. కిందటి వానల్లో సగం పోయింది. "మందు చల్లితే ఈగలకి తుమ్ము కూడా రావట్లేదక్కా," అని ఏడ్చాడట.

మా అమ్మాయి ఆరేళ్ళుగా చేస్తున్న టీకా ఈగ జోలికి పోదు. పురుగు కడుపులో ఒక పల్చటి పొర ఉంటుంది. దానిలో ఒక భాగాన్ని గొర్రెకి సూదితో ఎక్కిస్తే, గొర్రె రక్తంలో దానికి విరుగుడు పుడుతుంది. తర్వాత ఏ పురుగైనా ఆ గొర్రెని తింటే ఆ విరుగుడు కూడా మింగుతుంది. పొర మూసుకుపోతుంది. తిన్నది అరగదు, పురుగు ఎదగదు. ఎదగని పురుగు ఈగ కాలేదు.

"సోమవారం పెద్దాయన వస్తున్నారు," అంది అమ్మాయి త్రాసు మూత వేస్తూ. పెద్దాయనంటే మా సంస్థ డైరెక్టరు. "ఈ తూకం చూస్తే చాలు. వానలకి ముందే మందలకి పంపిద్దామంటారు."

"మొదటి సీసా మా తమ్ముడికే," అంది ఈగలమ్మ. "మాటిచ్చావు, మర్చిపోకు."

"మర్చిపోతే నీ ఈగల్ని నా మీదకి వదులు."

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కిటికీలోంచి ఏటవాలుగా వచ్చిన ఎండ ఆ గిన్నెల మీద పడి, పురుగులు కూడా ఒక్క క్షణం అందంగా కనిపించాయి.

మర్నాడు శనివారం. పొద్దున్నే మేత వేయడానికి వెనక దొడ్డికి వెళ్ళాను.

మా పద్ధతి ఏమిటంటే, గొర్రె వీపు మీద కాస్త ఉన్ని కత్తిరించి, తడిపిన దూది కింద అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పురుగుల్ని వదులుతాం. రెండో రోజు పొద్దున వాటిని ఏరి తూకానికి పంపుతాం. వెంటనే పుండు కడిగి, మందు రాసి, గొర్రెని వెనక దొడ్లోకి తోలేస్తాం. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే హింస అని పట్టుబట్టి ఆ గడువు పెట్టించింది నేనే. దొడ్లోకి వచ్చిన గొర్రె పని అయిపోయినట్టే. దాని చెవికి పసుపు బిళ్ళ ఉంటే టీకా వేసింది, తెల్ల బిళ్ళ ఉంటే ఉత్త సూది. అక్కడ ఇక ఆ తేడా ఎవరూ చూడరు.

రోజూ తొట్టి దగ్గరికి అందరికంటే ముందు వచ్చే ఒక ముసలి గొర్రె ఉంది. దాన్ని నేను పెద్దమ్మ అంటాను; దాని చెవికి పసుపు బిళ్ళ. ఆ రోజు అది రాలేదు. మూల నిలబడి వెనక కాళ్ళు నేలకేసి కొడుతోంది. తల వెనక్కి తిప్పి తన డొక్కని తానే కొరుక్కోవాలని చూస్తోంది, అందడం లేదు.

పట్టుకుని ఉన్ని విడదీశాను. వీపు మీద పాత పుండు మానింది. దాని కిందుగా, డొక్క వైపు, ఉన్ని తడిగా, నల్లగా ఉంది. ముందు వాసన తగిలింది. కత్తెరతో ఉన్ని తీశాను. అప్పుడు కూడా ఏమీ కనిపించలేదు, ఎర్రటి చెమ్మ తప్ప. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగి చూస్తే ఆ చెమ్మ కదిలింది.

నువ్వుగింజలు. వందలు.

ఏరినప్పుడు తప్పిపోయిన పురుగులవి. అంత చిన్నవి కాబట్టే ఏరేవాళ్ళ కంటపడలేదు. పక్కకి జారి, లోపలికి దూరి, తింటూనే ఉన్నాయి. ఎంత తిన్నా కడుపు నిండదు. కడుపు నిండితే కదా పడిపోయేది! ఆ పుండు వాసనకి బయటి ఈగలు కూడా వచ్చి గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లలోంచి వచ్చినవీ ఇలాగే తయారయ్యాయి.

పక్కనే తెల్ల బిళ్ళ గొర్రె ఒకటి హాయిగా నెమరు వేస్తోంది. దాని డొక్క తడిమి చూశాను. అక్కడా కొన్ని తప్పిపోయిన గుర్తు ఉంది. కానీ అది ఎండిపోయిన పొక్కు. దాని పురుగులు కడుపునిండా తిని, బలిసి, ఎప్పుడో రాలిపోయాయి.

చాలాసేపు ఆ రెండు గొర్రెల మధ్య గడ్డిలో కూర్చున్నాను. తర్వాత లేచి పసుపు బిళ్ళలున్న వాటినన్నిటినీ ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. అన్నిటికీ లేదు. కానీ పెద్దమ్మ ఒక్కదానికే అయ్యుంటుందన్న ఆశ మాత్రం మిగల్లేదు.

ఈగలమ్మ టీ పట్టుకొచ్చేసరికి నేను పెద్దమ్మ పుండు కడుగుతున్నాను. ఆవిడ వంగి చూసింది. ఈగల మనిషి కదా, చెప్పాల్సిన పని లేకుండానే అర్థమైంది. టీ గ్లాసు గోడ మీద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఏరేటప్పుడు ఎవరో కళ్ళు మూసుకుని ఏరారు. అంతే బాబాయిగారూ."

"అంతేనా?"

"అంతే అనండి. సోమవారం దాకా అంతే అనండి."

"మంద దగ్గర ఎవరు ఏరతారమ్మా? కాపరి పురుగు పట్టిందని ఎలా తెలుసుకుంటాడు?"

తన తమ్ముడు ఎలా తెలుసుకుంటాడో ఆవిడకి తెలుసు. ఉన్నిలో తెల్లగా, లావుగా కదిలేవి కంటపడితే తెలుసుకుంటాడు.

"పోయిన వానల్లో మావాడు చచ్చిన గొర్రెల్ని గోతిలోకి లాగుతుంటే నేనూ ఒక కాలు పట్టుకున్నాను," అంది చివరికి. "ఏదో ఒకటి ఉంటే మేలు కదా! అసలేమీ లేకపోవడం కంటే. మీ అమ్మాయికి చెప్పకండి. చెబితే దాచదు, అది ఎవరి కూతురో నాకు తెలుసు."

టీ చల్లారిపోయింది. అయినా తాగాను. ఆవిడ అందులో చక్కెర కొంచెం ఎక్కువ వేసింది, పొద్దుటి నుంచి నేనేమీ తినలేదని ఎలా కనిపెట్టిందో.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మాయి సోమవారానికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. కూనిరాగం తీస్తోంది. మా ఆవిడ కూడా సంతోషంగా ఉంటే అలాగే, పాట మొదలు మాత్రమే పాడేది, చివరికి ఎప్పుడూ వెళ్ళేది కాదు. నేను చేతిలో ఉన్న చిన్న సీసా బల్ల మీద పెట్టాను.

"ఏంటది?"

"పెద్దమ్మ డొక్కలోంచి తీశాను. ఇవాళ."

సీసా ఎత్తి దీపం దగ్గర పట్టుకుంది. ముందు అమ్మాయి కళ్ళల్లో మెరుపు వచ్చింది. ఇన్ని రోజులైనా ఎదగలేదు, చూశావా అనే మెరుపు. తర్వాత నా మొహం చూసింది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

నేను చూసిందంతా చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు. అయ్యాక అడిగింది:

"ఇప్పుడా నాన్నా చెప్పడం?"

"ఇప్పుడే చూశాను తల్లీ."

"ఏరేవాళ్ళు సరిగ్గా ఏరలేదు. అది ఏరేవాళ్ళ తప్పు, టీకా తప్పు కాదు."

"కనపడనివి ఎలా ఏరతారు?"

"నువ్వు ఒక్క పొద్దుట కొన్ని గొర్రెల్ని చూశావు. నేను ఆరేళ్ళు చూశాను! పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, అమ్మ ఆస్పత్రిలో ఉంటే కూడా..." అక్కడ ఆగిపోయింది. మళ్ళీ అందుకుని, "రెండో రోజు తర్వాత ఏమవుతుందో చూద్దామని నేనడిగాను. గుర్తుందా? హింస అన్నావు. గడువు పెట్టింది నువ్వే. చూడనివ్వకుండా చేసింది నువ్వు, ఇప్పుడు చూడలేదేమని అడిగేదీ నువ్వే."

"అవును," అన్నాను. నిజమే కదా.

నేను ఒప్పుకోవడంతో ఇంకా కోపం వచ్చింది. "నాతో గొడవైనా పెట్టుకోవు! నీతో ఇదే నాన్నా కష్టం," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. సగం చేసిన చొక్కా నేను పూర్తిచేద్దామనుకున్నాను. నేను ముడతలు తీస్తే కొత్త ముడతలు వస్తాయని మా ఆవిడ అనేది. ఇస్త్రీ పెట్టె తీగ ఊడదీసి, చొక్కా అలాగే మడిచి పెట్టాను.

ఆదివారం నేను లేచేసరికి అమ్మాయి ఇంట్లో లేదు. షెడ్డుకి వెళ్ళాను. వెనక దొడ్లో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఎదురుగా పసుపు బిళ్ళ గొర్రె ఒకటి. రెండు చేతులతో ఉన్ని విడదీసి, ముక్కు ఆనుతుందా అన్నంత దగ్గరగా వంగి చూస్తోంది. గడ్డి పరకలు జుట్టుకి అంటుకున్నాయి.

"దీనికి లేవు నాన్నా," అంది తల ఎత్తకుండా. "పొద్దుటి నుంచి చూస్తున్నాను. దీనికి లేవు."

వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ గొర్రె నిన్న నేను చూసినదే. అమ్మాయి చెయ్యి పట్టుకుని తొడ మలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఇక్కడ."

చూసింది. కళ్ళు చిట్లించింది. వేలితో తడిమింది. వేలికి చెమ్మ అంటితే, ఆ వేలిని వెలుతురులోకి తెచ్చి చూసుకుంది. అప్పుడు కూడా కాసేపు పట్టింది.

"ఎక్కడున్నాయో నువ్వు చెప్పాక కూడా కనపడలేదు," అంది మెల్లగా. "నాకే."

కత్తెర ఇమ్మని చెయ్యి చాపింది. ఆ పూటంతా ఇద్దరం ఉన్ని కత్తిరించి, పుళ్ళు కడిగి, మందు రాస్తూ గడిపాం. నేను పట్టుకుంటే తను కడిగింది. చిన్నప్పుడు మోకాలు దోక్కుపోతే నేను కడుగుతుంటే కళ్ళు మూసుకునేది. ఇప్పుడు రెప్ప వేయకుండా పనిచేసింది.

పెద్దమ్మకి మాత్రం ఆలస్యమైంది. జ్వరం ఎక్కింది, నిలబడలేకపోతోంది. నొప్పి తెలియకుండా సూది వేశాను. కాసేపటికి కాళ్ళు కొట్టడం మానింది. దవడలు నెమ్మదిగా కదిలాయి. లోపల ఏమీ లేకపోయినా నెమరు వేస్తున్నట్టు. మధ్యాహ్నం ఎండ గోడ దాటే వేళకి పోయింది. చివరి గంట నొప్పి లేకుండా గడిచింది. నేను చేయగలిగింది అంతే, అది జరిగినందుకు సంతోషించాను.

సోమవారం పెద్దాయన వచ్చారు. మంచి మనిషే. పొట్టిగా, చురుగ్గా, ప్రతి గది తలుపు మీదా చెయ్యి పెట్టి నొక్కి, దాని బలం చూసే అలవాటున్నవారు. తూకం గదిలో రెండు గిన్నెల్నీ చూసి, అమ్మాయి భుజం తట్టారు.

"సగం కూడా ఎదగలేదు! ఇంకేం కావాలమ్మా?"

"గొర్రె బతకాలి సార్," అంది అమ్మాయి. "ఒకసారి వెనక దొడ్లోకి రండి."

నేను మాట్లాడాల్సి వస్తుందేమోనని రాత్రంతా అనుకున్నాను. రాలేదు. ఎక్కడ ఏమి చూడాలో తనే చూపించింది. పెద్దమ్మ సంగతి తనే చెప్పింది. టీకా వేయని గొర్రె మీద పురుగు కడుపు నిండి, రాలిపోతుందని, టీకా వేసిన దాని మీద ఎదగక, కనపడక, అక్కడే ఉండిపోతుందని చెప్పింది. గొంతు ఒకచోట మాత్రం తడబడింది, 'నా టీకా' అన్నచోట.

పెద్దాయన దొడ్డి తలుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కారు.

"వానలు ఆగవు కదమ్మా," అన్నారు. "నువ్వు పంపకపోయినా మందల్ని ఈగలు తింటాయి. కిందటేడులాగే."

"తెలుసు సార్."

"ఈగల సంఖ్య తగ్గుతుంది కదా, ఒక రెండేళ్ళకైనా?"

"తగ్గుతుంది సార్. ఆ రెండేళ్ళూ గొర్రె ఏమవుతుందో నాకు తెలీదు. తెలీకుండా పంపలేను."

"తెలుసుకోవాలంటే?"

అమ్మాయి నావైపు చూడలేదు. "గడువు తీసేయాలి. పురుగుల్ని ఏరకుండా, వాటంతట అవి రాలేదాకా ఉంచాలి. ఎన్నాళ్ళు పట్టినా."

పెద్దాయన నావైపు తిరిగారు. "డాక్టరుగారు ఒప్పుకోకపోతే ఇక్కడ ఏ పరీక్షా జరగదు. మీ ఇష్టం."

నాకు పెద్దమ్మ కాళ్ళు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. "ఆలోచించుకోనివ్వండి," అన్నాను. ఆయన సరేనని, ఈ ఏడాదికి టీకా పంపడం లేదని పై ఆఫీసుకి చెబుతానని వెళ్ళిపోయారు.

ఆయన బండి గేటు దాటగానే ఈగలమ్మ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా తమ్ముడికి ఏం చెప్పమంటావు? చెప్పు. మందు రాలేదు కానీ మా అమ్మాయిగారి మనసు మాత్రం తేలికపడింది అని చెప్పనా?"

"తేలిక పడలేదక్కా," అంది అమ్మాయి.

"వాణ్ణి నేను కన్నానా పెంచానా, వాడి గొర్రెలు నాకెందుకులే అనుకోలేను కదే!"

"వానలకి ముందే వస్తాం. నేనూ నాన్నా. తోక కిందా, తొడల వెనకా ఉన్ని కత్తిరిస్తే అక్కడ తడి నిలవదు, ఈగ తక్కువ వాలుతుంది. అన్నిటికీ కత్తిరిస్తాం."

ఈగలమ్మ అమ్మాయి చేతుల వైపు చూసింది. నిన్నటి కత్తెరతో బొటనవేలి దగ్గర పొక్కులు లేచి ఉన్నాయి. "నువ్వు మా తమ్ముడి గొర్రెలకి కత్తిరిస్తావా? పది గొర్రెలయ్యేసరికి అవే నిన్ను కత్తిరించి వదిలిపెడతాయి," అంది. నవ్వబోయి ఏడ్చింది. మా అమ్మాయి వెళ్ళి ఆవిడని పట్టుకుంది. ఈగలమ్మ కాసేపు పట్టుకోనిచ్చి, తర్వాత విదిలించుకుని, "వదులు, మా పిల్లలకి ఆకలేస్తుంది," అని ఈగల గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. టీ మాత్రం మానలేదు.

ఆ వారమంతా నేను అమ్మాయికి జవాబు చెప్పలేదు. తనూ అడగలేదు. ఒక సాయంత్రం అన్నం తింటూ, పళ్ళెం వైపు చూస్తూ అంది:

"కొన్ని గొర్రెలు చాలు నాన్నా. మొదటి రోజు నుంచే నొప్పి తెలియకుండా సూదులు వేద్దాం. రోజూ నువ్వే చూడు. ఎప్పుడు చాలు అనేది నువ్వే చెప్పు. నువ్వు చాలంటే లెక్క సగంలో ఉన్నా ఆపేస్తాను. మళ్ళీ ఎందుకని అడగను."

"అడుగుతావు."

"అడుగుతాను," అని ఒప్పుకుంది. "కానీ ఆపేశాకే అడుగుతాను."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఎప్పుడో ఒకనాడు ఆ పరీక్ష మందల్లో జరిగేది, ఏ సూదీ లేకుండా, ఎవరూ చూడకుండా.

పరీక్ష మొదలై ఇవాళ మూడో రోజు. ఇన్నేళ్ళూ ఈపాటికి ఏరేసి, కడిగేసి, గొర్రెని తట్టి పంపించేసేవాణ్ణి. ఇవాళ పురుగుల్ని ఏరే ఫోర్సెప్స్ జేబులోనే ఉంచుకుని పసుపు బిళ్ళ గొర్రె ఉన్ని విడదీసి చూశాను. ఉన్నాయి. జ్వరం లేదు. చేతిలో గడ్డి పెడితే తింది, కాస్త నెమ్మదిగానే అయినా. పొద్దుటి సూది ఇంకా పనిచేస్తోంది.

అమ్మాయి కటకటాల అవతల నిలబడింది. అడగకూడదని పెదవులు బిగపట్టుకుంది.

"ఇంకా కాదు," అన్నాను.

తల ఊపింది. వెళ్ళలేదు. నేను ఉన్నిని మళ్ళీ సర్ది, గొర్రె పక్కనే గడ్డి మీద కూర్చున్నాను. కాసేపటికి తను కూడా తలుపు తీసుకుని వచ్చి, దానికి అటువైపు కూర్చుంది.